దొంగను దాటేసిన ఎస్సై

దొంగను తరుముతూ తరుముతూ, ఆ దొంగనే దాటుకుని ముందుకు వెళ్ళిపోయిన పోలీసును మీరెక్కడైనా చూశారా? రేవుపాలెం చూసింది. అదీ రెండుసార్లు.

ఆ పోలీసు పేరు జలజ. ఆ ఊరి స్టేషనుకు కొత్తగా వచ్చిన ఎస్సై. కాలేజీ రోజుల్లో హర్డిల్స్ పరుగులో రాష్ట్రానికే ఫస్టు. అడ్డంగా పెట్టిన చట్రాల మీదుగా ఆమె దూకుతుంటే కళ్ళార్పకుండా చూసేవాళ్ళు. ఆ సంగతి ఎవరు మరిచిపోయినా ఆమె మాత్రం మరిచిపోలేదు.

దొంగ పేరు పాపారావు. ఆడవాళ్ళ మెడల్లో గొలుసులు తెంపుకుని పారిపోవడం వాడి పని. బండీ గిండీ ఏం లేదు. రెండు హవాయి చెప్పులు, వాటిల్లో రెండు పుల్లల్లాంటి కాళ్ళు, అంతే వాడి సరంజామా.

మొదటిసారి చేపల బజారులో కనబడ్డాడు. "ఆగరా!" అని అరిచింది జలజ. ఆగమంటే ఆగిన దొంగ ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు, అయినా పోలీసులు అరవడం మానరు. వాడు పరుగు లంకించుకున్నాడు. జలజ వాడి భుజం అందేంత దగ్గరకు వచ్చేసింది. అంతలో వాడు చటుక్కున పక్క సందులోకి తిరిగాడు. ఈమె తిన్నగా వెళ్ళిపోయింది. ఆ ఊపులో నిలదొక్కుకుని వెనక్కి వచ్చేసరికి సందులో చేప తల నాకుతున్న పిల్లి తప్ప ప్రాణి లేదు.

రెండోసారి జరిగింది మరీ అన్యాయం. పరిగెత్తేవాడు పరిగెత్తక, నడిరోడ్డు మీద ఉన్నట్టుండి గొంతుక్కూర్చున్నాడు. ఎదురుగా అడ్డం కనబడగానే జలజ కాళ్ళు ఆమెను అడగలేదు. అమాంతం వాడి నెత్తి మీదుగా ఎగిరి అవతల దిగింది. ఎంత చక్కగా దూకిందంటే, బజారు బజారంతా చప్పట్లు కొట్టింది. వాడు లేచి, లుంగీ దులుపుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం స్టేషనులో హెడ్డు వీరభద్రం ఎవరితోనో ఫోనులో అంటున్నాడు: "దొరకలేదండీ. కాకపోతే మా మేడమ్ ఫస్టు వచ్చారు. దొంగ సెకండు."

డీఎస్పీ పిలిపించాడు. కూర్చోమని కూడా అనలేదు. "చూడమ్మా, ఆదివారం లోపల వాడు నా ముందుండాలి. లేదంటావా, నిన్ను పాస్‌పోర్టు ఎంక్వైరీలకు వేసేస్తా. ఇంటింటికీ వెళ్ళి, వాళ్ళిచ్చిన కాఫీ తాగి, సంతకాలు పెట్టించుకుని రావచ్చు. పరుగులు పెట్టే పనుండదు."

జలజకు ఒళ్ళు మండిపోయింది. స్టేషనుకు ఆడ ఎస్సై ఏమిటని ఊళ్ళో సగంమంది మొదటినుంచీ గొణుగుతూనే ఉన్నారు. మిగతా సగానికి ఇప్పుడు సాక్ష్యం దొరికింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి పక్క ఊళ్ళో ఉన్న సుగుణమ్మ టీచరు ఇంటికి వెళ్ళింది. బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి, జలజను గ్రౌండులోకి లాక్కొచ్చి పరుగు నేర్పిన మనిషి ఆవిడే. ఇప్పుడు డెబ్బై దాటింది. ఒక మోకాలు మాట వినదు, చేతికర్ర ఉంటేనే నడక.

జలజ గుమ్మంలోంచే మొదలుపెట్టింది. "టీచర్, మలుపు దగ్గర ఒళ్ళు ఎలా తిప్పాలో చెప్పండి. అడ్డం వస్తే ఎగరకుండా కాళ్ళని ఎలా పట్టుకోవాలో చెప్పండి. నాకు టైము లేదు."

టీచరు గూట్లో సంచీ వెతుక్కుంటోంది. "కూరగాయలకి పోతున్నాను. రా."

"టీచర్, నా ఉద్యోగం..."

"నా వెనకే నడవాలి. నన్ను దాటకూడదు. అంతే."

ఇదేం పరీక్ష అనుకుంది జలజ. గట్టిగా అడుగు తీసి అడుగు వెయ్యలేని మనిషి వెనక నడవడానికి పోలీసు ట్రైనింగు కావాలా?

వీధి మలుపు తిరక్కుండానే టీచరును దాటేసింది. నాలుక కరుచుకుని వెనక్కి వచ్చింది. పాలబూతు దగ్గర మళ్ళీ దాటింది. మళ్ళీ వచ్చింది. టీచరుది అదే నడక. కర్ర పెడుతుంది, కాలు వేస్తుంది, ఊపిరి తీసుకుంటుంది. దార్లో కనబడ్డ ప్రతివాళ్ళనీ పలకరిస్తుంది. ఒకావిడ కోడలి కాన్పు గురించి అడిగి, అక్కడే నిలబడి ఆ కాన్పంతా విన్నది. జలజకు పళ్ళు నూరుకోవడమే పనైంది.

"ఇంకెంత మెల్లిగా నడవాలి టీచర్?"

"నేనెంత మెల్లిగా నడిస్తే అంత."

"ఇంతకీ నాకేం నేర్పుతున్నట్టు?"

"నేర్పడమేమిటే? వంకాయలు కొనడానికి పోతున్నా."

రైతుబజారులోకి వచ్చారు. జనం ఒరుసుకుంటున్నారు. జలజకు చిరాకు నెత్తికెక్కింది. డీఎస్పీ మాటలు, వీరభద్రం వెకిలి నవ్వు, ఆ పాపారావు లుంగీ దులుపుకున్న తీరు, అన్నీ కలిసి బుర్రలో గిర్రున తిరుగుతున్నాయి. ఏదో అనబోయి పక్కకు తిరిగింది.

టీచరు లేదు.

వెనక్కి వచ్చింది. వంకాయల దగ్గర లేదు. ఆకుకూరల దగ్గర లేదు. "ఒక పెద్దావిడ, చేతికర్ర, తెల్లచీర, చూశావా?" అని ఉల్లిపాయల అతన్ని అడిగింది. అతను యూనిఫాం కేసి, మొహం కేసి మార్చి మార్చి చూసి, "దొంగ మీదుగా దూకింది మీరే కదండీ?" అన్నాడు. అప్పుడే పక్క ఊరికి కూడా పాకిందన్నమాట! అరటిపళ్ళ వరస దాకా పోయింది, మళ్ళీ మొదటికి వచ్చింది. కర్రతో కుంటే ముసలావిడను పట్టపగలు బజారులో పోగొట్టుకుంది. ఈ మాట స్టేషనుకు తెలిస్తే ఇంక పాస్‌పోర్టు ఎంక్వైరీలు కూడా ఇవ్వరు.

ఓపిక చచ్చి, తూకాల అరుగు మీద కూలబడి, టోపీ తీసి మొహం తుడుచుకుంది.

"బెండకాయలు బాగున్నాయి, తీసుకుందామా?"

ఉలిక్కిపడి తిరిగింది. టీచరు అరుగుకు అవతల, సరిగ్గా ఆమె వీపు వెనక నిలబడి ఉంది.

"ఎక్కడికి పోయారు టీచర్? బజారంతా గాలించాను!"

"నేనెక్కడికి పోతాను? నీ వెనకే ఉన్నా."

"ఎప్పట్నుంచి?"

"ఉల్లిపాయలబ్బాయి ఏదో అంటే నీ చెవులు ఎర్రబడ్డాయి. అరటిపళ్ళ దగ్గర నన్ను తిట్టుకున్నావు. వెనక్కి తిరిగే ముందు ప్రతిసారీ నీ ఎడమ భుజం వంగుతుంది, చిన్నప్పుడూ అంతే." సంచీ ఆమె చేతికిచ్చింది. "పద, ఎండెక్కుతోంది."

తిరిగి వచ్చేటప్పుడు జలజ ఒక్కసారీ దాటలేదు. టీచరు వెనకే నడిచింది. కర్ర ఏ పక్కకు వాలితే మనిషి అటు తిరుగుతుందో చూసింది. ఆగే ముందు మెడ మీద నరం కదలడం చూసింది. ఇన్నేళ్ళలో ఆవిడను వెనకనుంచి చూడటం అదే మొదటిసారి. జాకెట్టు భుజం దగ్గర చిరిగి, కుట్టు వేసి ఉంది.

శనివారం పొద్దున పాపారావు రేవు దగ్గర కనబడ్డాడు. అప్పుడే ఎండుచేపలమ్మే మనిషి మెడలో గొలుసు తెంపి పరుగందుకున్నాడు.

జలజ అరవలేదు. వాడి వెనక పరిగెత్తింది. వాడు జోరు పెంచితే పెంచింది, తగ్గిస్తే తగ్గించింది. సందులోకి తిరగబోతూ వాడి మోచెయ్యి ముందుగా లోపలికి ముడుచుకోవడం కనిపించింది. వాడితోపాటే తిరిగింది. మళ్ళీ తిరిగాడు, మళ్ళీ తిరిగింది.

వాడు ఠక్కున గొంతుక్కూర్చున్నాడు. జలజ వాడి వెనక ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీల్చుకుంది. వాడు కాసేపు అలాగే తల వంచుకుని ఎదురుచూశాడు. తర్వాత మెల్లిగా వెనక్కి చూశాడు.

"దూకరేం?" అన్నాడు, మోసపోయినవాడిలా.

జలజ అక్కణ్ణించి కదల్లేదు. వాడికి కోపం వచ్చింది, లేచి మళ్ళీ పరిగెత్తాడు. వలలు ఆరేసిన ఇసకలోంచి, ఉప్పుకొట్ల వెనకనుంచి, మురుక్కాలవ గట్టు మీదుగా. పది అంగలకోసారి వెనక్కి చూస్తున్నాడు. చూసినప్పుడల్లా ఈమె అక్కడే ఉంది. ఒకటి రెండుసార్లు చొక్కా అందేది. చెయ్యి చాపలేదు.

చివరికి రేకుల ఇళ్ళ వరసలోకి వచ్చి పడ్డాడు. నీలం రంగు తలుపు ముందు నిలబడిపోయి, చేతులు అడ్డంగా చాపాడు.

"ఇంక రాకండి మేడమ్."

లోపల్నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది. "పాపా, వచ్చావా నాన్నా? అన్నం చల్లారిపోతోంది."

పాపారావు చాపిన చేతులు దించేశాడు. మొలలోంచి గొలుసు తీసి ఆమె చేతిలో పెట్టాడు. గొంతు బాగా తగ్గించాడు. "మా అమ్మ. కళ్ళు కనబడవు. ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తున్నాననుకుంటోంది." అంతలోనే ఉడుకుమోత్తనం తన్నుకొచ్చింది. "ఇందాకే పట్టుకోవచ్చుగా మీరు! సందు మొదట్లోనే! ఇక్కడిదాకా ఎందుకు తెచ్చారు నన్ను?"

"నేను తేలేదు," అంది జలజ. "నీ వెనక వచ్చాను."

వాడు తలుపు కేసి తిరిగాడు. "డ్యూటీ మార్చారమ్మా. మళ్ళీ వెళ్తున్నా. నువ్వు తినేసెయ్."

"ఎవర్రా నీతో?"

"ఎవరూ లేరమ్మా."

వాడు స్టేషను వైపు నడిచాడు. జలజ చెయ్యి పట్టుకోలేదు. సందు చివరిదాకా తన బూట్ల చప్పుడు వినబడకుండా, వాడి హవాయి చెప్పులు పడ్డప్పుడే అడుగు వేస్తూ, వెనక నడిచింది.