ముడులు విప్పిన ఇల్లు

“ఈ కాన్పు కూడా ఇంట్లోనే అయితే బాగుండు పెద్దమ్మా. నువ్వు పక్కనుంటే నాకేం భయం లేదు. ఏమంటావ్?”

శేషారత్నం అడిగిన ఈ మాటకు పేరిందేవమ్మ “చూద్దాంలే” అంది. ఎవరికైనా అదే మాట. ఆ ఊళ్లో సగం మందిని తన చేతుల మీదుగా భూమ్మీదికి దించిన మంత్రసాని ఆవిడ. ఆ విద్య నేర్చుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. వాళ్లు ఏదడిగినా ఇదే జవాబు. ముసల్ది మాట దాటేస్తోందనుకుని మూతి ముడుచుకుని వెళ్లిపోయినవాళ్లూ లేకపోలేదు. పాపం, వాళ్లు తొందరపడ్డారు. శేషారత్నం మాత్రం వెళ్లలేదు. ఆవిడ శిష్యురాళ్లలో ఆఖరిది, అందరికంటే మొండిది.

ఊళ్లోకి ఇంకా బస్సు రాని రోజులవి. ఆస్పత్రి అంటే పట్నంలోనే, పట్నానికి పోవాలంటే ఎడ్లబండే. శేషారత్నం మొదటి కాన్పు అత్తగారింట్లో, పేరిందేవమ్మ చేతుల మీదే అయింది. ఆడపిల్ల. పిల్ల చక్కగానే పుట్టింది గానీ బిడ్డ వెంట రావలసిన మావి పడలేదు, నెత్తురు ఆగలేదు. బండిలో వేసి పట్నం చేర్చేసరికి తల్లిలో ప్రాణం ఉందో లేదో తెలీని స్థితి. ఎలాగో గట్టెక్కింది. మూడేళ్లు గడిచాక ఇప్పుడు మళ్లీ ఆరో నెల. మంత్రసానితనం నేర్చుకుంటున్న మనిషికి మళ్లీ ఇంట్లో కాన్పంటే ప్రమాదమని ఆ మాత్రం తెలీదా అంటారేమో. ఇంకొకరి కాన్పయితే ఇట్టే తెలిసేది. తనది కదా, తెలియలేదు.

పైగా ఆవిడకు గుర్తున్నదంతా వేరు. చీకటి గదిలో సాంబ్రాణి పొగ, కుంపట్లో కాలుతున్న వాము వాసన. నొప్పి వచ్చినప్పుడల్లా నడుము మీద అత్తగారు వెంకాయమ్మ గరుకు చెయ్యి. నొప్పికీ నొప్పికీ మధ్య పేరిందేవమ్మ సన్నగా తీసే లాలిపాట. పిల్ల కేరుమన్నప్పుడు గుమ్మం అవతల మొగుడు పిచ్చయ్య “ఏం బిడ్డే అమ్మా, ఏం బిడ్డే?” అని గంతులేయడం. ఎంత బాగుందో ఆ పూట! తరవాత కళ్లు తెరిస్తే ఆస్పత్రి. ఫినాయిలు కంపు, కసురుకునే నర్సమ్మ, పక్కన పిల్ల లేదు. ఆ మూడేళ్లలో ఎన్నిసార్లు తల్చుకున్నా మనసు ఆ గదిలోకే పోయేది. మళ్లీ ఆ గదీ, ఆ పాటా, ఆ చేతులూ కావాలి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

మర్నాడు పొద్దెక్కాక పేరిందేవమ్మ శేషారత్నం ఇంటికి వచ్చింది. వస్తూనే వెంకాయమ్మను పిలిచి, “వదినా, కాన్పు ఇంటిని ఎట్లా సిద్ధం చెయ్యాలో నీ కోడలికి నేర్పాలి. మొదటి కాన్పునాడు నువ్వేమేం చేశావో అన్నీ వరసగా చెయ్యి. ఒక్కటి కూడా తగ్గించకు” అంది.

వెంకాయమ్మకు ఇంతకంటే కావలసిందేముంది? నొప్పులు మొదలైన ఇంట్లో ముడి అనేది ఉండకూడదని ఆ వైపు ఆనవాయితీ. ఎక్కడ ముడి ఉంటే అక్కడ బిడ్డకు అడ్డమని నమ్మకం. ఆవిడ కొంగు దోపి రంగంలోకి దిగింది. కోడలి జడ విప్పింది. భోషాణం తాళం తీసింది. గాదె మూతికి కట్టిన తాడు, కవ్వం తాడు, జొన్నల బస్తాల మూతులు అన్నీ విప్పేసింది. దూడ పలుపు విప్పింది, ఎడ్ల పలుపులూ విప్పింది. బండి కాడికున్న తాళ్లు కూడా ఊడబెరికి ఎక్కడో పడేసింది. శేషారత్నానికి నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. ఆ పూట నిజంగా మళ్లీ వచ్చినట్టే ఉంది.

“ఇక నువ్వు లోపల పడుకో రత్తమ్మా,” అంది పేరిందేవమ్మ. “ఏం వినపడ్డా లేవకూడదు.”

పడుకుంది. సాంబ్రాణి పొగ వేశారు. పేరిందేవమ్మ పక్కన కూచుని పాట కూడా అందుకుంది. శేషారత్నం హాయిగా కళ్లు మూసుకుంది. ఒక చరణం అయ్యాక పాట ఆపి, ఆవిడ గుమ్మం వైపు గొంతెత్తి కేకేసింది.

“పిచ్చయ్యా! బండి కట్టు. పట్నం పోవాలి.”

“ఉత్తుత్తికేనా అత్తా?” అంటూ పిచ్చయ్య నవ్వడం వినపడింది.

“కట్టు ముందు.”

పశువుల చావిట్లో ఎడ్లు లేవు. “అమ్మా, ఎడ్లేవే?” అని అరుపు. “నాకేం తెలుసురా, ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నాయి!” అని వెంకాయమ్మ. పరిగెత్తిన అడుగుల చప్పుడు. దూరంగా ఎవరో, “మీ ఎడ్లు నా జొన్నచేలో పడ్డాయి, కళ్లు కనపడటంలా?” అని తిట్లు లంకించుకున్నారు. ఒక ఎద్దు మెడగంట దగ్గరికొచ్చింది. రెండోది రాలేదు. “కాడి తాళ్లేవే? ఎక్కడ పెట్టి చచ్చావే?” పిచ్చయ్య గొంతులో ఇప్పుడు నవ్వు లేదు.

కిటికీలోంచి చాప అంచున పడ్డ ఎండ నెమ్మదిగా గోడెక్కుతోంది. ఇది ఉత్తుత్తిదే అని శేషారత్నానికి తెలుసు. అయినా లేచి తనే పరిగెత్తాలనిపించింది. లేవబోయింది. పేరిందేవమ్మ చెయ్యి భుజం మీద పడి అదిమి పట్టింది.

“లేవడానికి లేదన్నానా?”

 

ఎంతసేపటికో రెండో గంట వినపడింది. బండి కట్టారు. పిచ్చయ్య చెమటలు కక్కుకుంటూ వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. పెళ్లాం మొహం చూడలేక నేల చూశాడు.

“ఆరోజు కూడా ఇంతేనే రత్తాలూ,” అన్నాడు. “ఇంతసేపూ నీ నెత్తురు పోతానే ఉంది.” అని మొహం చేతుల్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మూడేళ్లలో ఒక్కనాడూ ఈ మాట ఎత్తని మనిషి. వెంకాయమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

శేషారత్నం లేచి కూచుని, విప్పిన జుట్టును గట్టిగా ముడి వేసుకుంది. “ఏడుపు ఆపు. ఎనిమిదో నెల రాగానే పట్నంలో మా మేనత్త దగ్గర దింపు నన్ను. వాళ్లింటి ఎదురుగానే ఆస్పత్రి,” అంది మొగుడితో. ఆ మాట అన్నాక మాత్రం ఆపుకోలేకపోయింది. పేరిందేవమ్మ ఒళ్లో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఎంత బాగుందో పెద్దమ్మా ఆ పూట! ఆ పాట, ఆ చేతులు... మూడేళ్లూ వాటినే తల్చుకుని బతికాను. అదంతా అబద్ధమేనా అయితే?”

పేరిందేవమ్మ ఆ జుట్టు నిమురుతూ, “అబద్ధమెందుకవుతుందే పిచ్చిదానా,” అంది. “నీకు గుర్తున్నదంతా నిజమే. నీకు తెలివి తప్పాక జరిగింది మాకు గుర్తుంది.”