చేరని కేక



పులికాట్ సరస్సు ఒడ్డున ఉండే సూఫీ గురువు మస్తాన్ షా గారి బోధ గురువారాల్లో రేడియోలో దీవుల మీది ఊళ్లకు వెళ్లేది. పంపే పని శిష్యుడు గౌసుద్దీన్‌ది. ఆయన మెల్లగా అన్నది గాలి హోరులో వినబడటం లేదనీ, గట్టిగా అన్నది చెవులు పగలగొడుతోందనీ జనం గోల పెడితే, గౌసుద్దీన్ ఒక యంత్రం బిగించాడు. సన్నని గొంతును దానంతటదే పెంచుతుంది. పెద్ద గొంతును తగ్గిస్తుంది.

అందరూ బాగుందన్నారు. సరస్సులో కొడుకును పోగొట్టుకున్న హుసేన్ బీ మాత్రం వచ్చి నిలదీసింది.

"మా ఖాసిం కోసం హజ్రత్ ఎలుగెత్తి దువా చేశారంట. ఇక్కడున్నవాళ్లంతా ఏడ్చారంట. నా రేడియోలో వార్తలు చదివినట్టుంది. ఆ కేక ఏమైంది బాబూ?"

ఆమె వెళ్లిపోయింది.

గౌసుద్దీన్ గురువు దగ్గరికి పరిగెత్తాడు. "హజ్రత్, నేనేమైనా పాడుచేశానా?"

ఆయన వసారాలోని మైకు ముందు నిలబడ్డారు. "లోపలికెళ్లి హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని విను బేటా. నేను దూరమైనట్టు అనిపించగానే వచ్చెయ్."

గౌసుద్దీన్ విన్నాడు. "యా రహీమ్... యా రహీమ్..." గొంతు చెవి పక్కనే ఉంది. కాసేపటికి వెనక కాకుల అరుపులు పెరిగాయి. గాలి లేచిందనుకున్నాడు. గొంతు మాత్రం అక్కడే ఉంది. ఆ తర్వాత ఉన్నట్టుండి ఒకటే నీళ్ల హోరు.

అతను హెడ్‌ఫోన్లు తీసేసి లేచాడు. బయటికొస్తే వసారా ఖాళీ. ముసలాయన సరస్సులో నడుములోతున నిలబడి ఉన్నారు.

గౌసుద్దీన్ నీళ్లలోకి దూకి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఎప్పుడు దిగారు హజ్రత్!"

"నేనెక్కడున్నట్టు వినిపించింది?"

"నా పక్కనే. మీ గొంతు సన్నబడేకొద్దీ యంత్రం పెంచుతూ పోయింది." అతను ఆయన్ను ఒడ్డువైపు నడిపించాడు. "వినేవాళ్ల దగ్గర ఇంకో యంత్రం ఉండాలి హజ్రత్. ఇక్కడ నొక్కినదాన్ని అది మళ్లీ విప్పుతుంది."

"హుసేన్ బీ ఇంట్లో ఆ యంత్రం ఉందా?"

"లేదు."

"మరి ఎవరు విప్పుతారు?"

ఆ సాయంత్రమే గౌసుద్దీన్ పడవెక్కి దీవికి వెళ్లాడు. హుసేన్ బీ గుమ్మం ముందు నిలబడి, ఆ రోజు దువాలో గురువు ఎలుగెత్తినంత గట్టిగా, ఖాసిం పేరు పిలిచాడు.