హైమావతి నలభై ఏడు బొట్లు

ఏడు సముద్రాల అవతల, చలికి కుక్కలు కూడా మొరగడం మొదలుపెట్టి సగంలో వాయిదా వేసుకునే ఒక రేవు ఊళ్లో, "రాలేను" అన్న మాట నోటికి రాని హైమావతి అనే ఆవిడ ఉండేది. మిగిలిన మాటలన్నీ బాగానే వచ్చేవి. నిజం చెప్పాలంటే కొంచెం ఎక్కువే వచ్చేవి. ఆ ఒక్క మాట మాత్రం గొంతుదాకా వచ్చి, అటూ ఇటూ చూసి, మళ్లీ లోపలికి పోయేది.

భర్త జోగారావు రేవులో పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. ఆవిడ బట్టలు సరిచేసే చిన్న కొట్టు పెట్టుకుంది. పొడుగు ప్యాంట్లు పొట్టిచేయడం, బిగుతు కోట్లు వదులుచేయడం, ఊడిన జిప్పులు మార్చడం ఆవిడ పని. హైమావతి కుట్టు వేస్తే మనిషి చిరగాలే తప్ప బట్ట చిరగదని ఆ ఊరివాళ్లు చెప్పుకునేవారు. కొట్టు తీసి ఉంటే ఆవిడకి తిరుగులేదు. తీసి ఉంటేనే.

ఆవిడ చుట్టాలంతా బొబ్బిలిలోనూ, బొబ్బిలి చుట్టుపక్కలా ఉండేవారు. వాళ్లింట్లో పెళ్లయినా, గృహప్రవేశమైనా, పిల్లాడికి చెవులు కుట్టించినా బొట్టు పెట్టి పిలవందే ఊరుకునేవారు కాదు. అంత దూరం వచ్చి ఎలా పెడతారు? ఫోన్‌లో ముఖం కనిపించగానే, కుంకుమలో వేలు ముంచి అద్దం మీద ఆవిడ నుదుటి దగ్గర అద్దేవారు. సిగ్నల్ సరిగా లేకపోతే బొట్టు ముక్కు మీద పడేది.

"ముక్కు మీద పడిందే, మళ్లీ పెట్టు," అనేది హైమావతి.

మళ్లీ పెట్టేవారు. అంతే, ఆవిడ సంచీ సర్దుకునేది. కొట్టు తలుపుకి "ఇప్పుడే వస్తాను" అని అట్ట తగిలించి విమానం ఎక్కేది. ఆ ఇప్పుడే అనేది మూడు వారాలకి గానీ వచ్చేది కాదు. ఈలోగా ఊళ్లో సగంమంది మగవాళ్లు ప్యాంట్లు చేత్తో పట్టుకు తిరిగేవారు. అయిదేళ్లలో నలభై ఏడుసార్లు వెళ్లింది. పాస్‌పోర్టులో చోటు లేక, చివరి ముద్రని విమానాశ్రయం కుర్రాడు తన బొటనవేలి మీద వేసుకున్నాడు.

"ఈసారికి రాలేనని చెప్పొచ్చు కదే," అనేవాడు జోగారావు.

"బొట్టు పెట్టాక ఎలాగండీ?" అనేది ఆవిడ.

ఆ దేశంలో ఒక కట్టుబాటు ఉంది. తాత్కాలిక అనుమతి మీద వచ్చినవాళ్లు అయిదేళ్లలో మూడేళ్లయినా ఆ నేల మీద ఉంటే, శాశ్వతంగా ఉండిపొమ్మని కాగితం ఇస్తారు. లేకపోతే సామాను సర్దుకోవాలి. భార్యాభర్తలిద్దరూ ఒకేరోజు దరఖాస్తు పెట్టారు. ఒకేరోజు రెండు కవర్లు వచ్చాయి.

"నాకు ఇచ్చారే హైమా!" అన్నాడు జోగారావు.

హైమావతి తన కవరు చింపింది. చదివింది. వెలుతురుకు పెట్టి మళ్లీ చదివింది.

"నాకు ఇవ్వలేదండీ. నేను ఇక్కడ ఉండటం లేదట. ఉండకపోతే ఈ కుర్చీలో కూర్చున్నది ఎవరట?"

"ఈ వారం నువ్వే," అన్నాడు జోగారావు. "పోయిన నెలంతా నేను దాని మీద తువ్వాలు ఆరేసుకున్నాను."

ఆవిడకి నవ్వు రాలేదు. ముప్ఫై రోజుల్లో అనుమతి అయిపోతుంది. ఆయన ఇక్కడ, తను అక్కడ! ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆవిడ ఎన్నోసార్లు వెళ్లింది గానీ, ఎప్పుడూ వెళ్లిపోలేదు. జోగారావు లేచి వెళ్లి టీ పెట్టి, అందులో చక్కెరకు బదులు ఉప్పు వేశాడు. ఇద్దరూ ఆ సంగతి గమనించకుండానే తాగేశారు.

మర్నాడు ఆవిడ మళ్లీ విచారించమని అర్జీ పెట్టుకుంది. వారానికి పిలుపు వచ్చింది. అధికారి తాటిచెట్టంత మనిషి. ఆయన కూర్చుని ఉన్నా, నిలబడ్డ హైమావతి తలెత్తి మాట్లాడాల్సి వచ్చింది. ఆయన ముందు ఆవిడ నింపిన కాగితాలున్నాయి. "దేశం విడిచి వెళ్లిన కారణం" అన్న గడి నలభై ఏడుచోట్ల ఉంది. నలభై ఏడుచోట్లా ఆవిడ ఒకటే రాసింది: బొట్టు పెట్టారు.

"అమ్మా, ఈ బొట్టు అనేది ఏదైనా జబ్బా?" అని అధికారి మెల్లగా అడిగాడు. "జబ్బయితే మినహాయింపు ఉంది."

"జబ్బు కాదు బాబూ. నుదుటి మీద కుంకుమ చుక్క."

"నొప్పిగా ఉంటుందా?"

"ఎందుకుంటుంది? చల్లగా ఉంటుంది."

"అది పెడితే మీరు విమానం ఎక్కాలా?"

"ఎక్కకపోతే పెట్టినవాళ్లు ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు?"

హైమావతి నలభై ఏడుసార్లు ఎక్కి దిగింది గానీ, ఎక్కకపోతే ఏమనుకుంటారో తెలుసుకునే అవకాశం ఆవిడకి ఎప్పుడూ రాలేదు.

"పోనీ, దగ్గరి బంధువుల పెళ్లిళ్లయితే కొన్ని రోజులు తీసేస్తాను. ఈ ఇరవై మూడోది ఎవరిది?" అన్నాడు అధికారి.

"మా తోడికోడలి మేనమామగారి రెండో వియ్యపురాలి చెల్లెలి మనవరాలిది. చాలా దగ్గర."

ఎంత దగ్గరో చూద్దామని అధికారి కాగితం మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు. కాగితం అయిపోయింది. బల్ల మీద గీశాడు. బల్ల అయిపోయింది. గోడ మీదికి ఎక్కాక పెన్సిల్ పెట్టేశాడు.

"మీ పక్కింటావిడ పేరు చెప్పండి," అన్నాడు అలసిపోయి.

"పేరంటే... వాళ్లకో కుక్క ఉంది. నేను వెళ్లేటప్పుడు కుక్కపిల్ల, వచ్చేసరికి కుక్క. ఇంకా పరిచయం కాలేదు."

అధికారి నవ్వు ఆపుకున్నాడు. తర్వాత ఆపుకోవడానికి నవ్వు మిగల్లేదు.

"అమ్మా, మీరంటే ఈ ఊరికి ఇష్టమే. నా కోటు కూడా ఏడు నెలలుగా మీ కొట్లోనే ఉంది. కానీ శాశ్వతంగా ఉంటామని అడిగేవాళ్లు ముందు ఉండాలి కదా? మూడేళ్లు కావాలి, మీకు రెండేళ్లే ఉన్నాయి. ఇప్పుడు నేను కాగితం ఇవ్వలేను. చేయగలిగింది ఒకటే. ఇంకో ఏడాది గడువిస్తాను. ఆ ఏడాదంతా ఇక్కడే ఉంటే లెక్క సరిపోతుంది. ఒక్కసారి దాటినా నా చేతుల్లో ఏమీ ఉండదు."

హైమావతి ఇంటికి వచ్చి సంచీని అటక మీదికి విసిరేసింది. ఎంత గట్టిగా విసిరిందంటే దించడానికి పడవల క్రేను కావాల్సి వచ్చేది. వారం తిరక్కుండా అధికారి కోటు అధికారికి చేరింది. పక్కింటావిడ పేరు ఇంగ్రిడ్ అని తెలిసింది. ఇంగ్రిడ్ చేపల పులుసు తెచ్చింది. హైమావతి అందులో కాస్త చింతపండు, పచ్చిమిరపకాయలు కలిపి తిరిగి ఇచ్చింది. ఆ దెబ్బకి ఇంగ్రిడ్ ఆ చలికాలమంతా స్వెట్టర్ లేకుండా తిరిగింది. బొబ్బిలి నుంచి ఫోన్ వస్తే జోగారావే తీసి, "హైమకి జలుబు," అని చెప్పేవాడు. ఎనిమిది నెలలు ఆ జలుబు తగ్గలేదు.

తొమ్మిదో నెలలో చెల్లెలు వైదేహి ఫోన్ చేసింది. ఈ ఫోన్ జలుబుకి లొంగేది కాదు. వైదేహి కూతురు కుందనకి పెళ్లి కుదిరింది. ఆ పిల్లకి పేరు పెట్టింది హైమావతి. మూడేళ్లు తన పక్కలో పడుకోబెట్టుకుని పెంచింది హైమావతి.

"అక్కా, నుదురు చూపించు," అంది వైదేహి, వేలికి కుంకుమ అద్దుకుని.

హైమావతి ఫోన్‌ని కిందికి తిప్పింది.

"అది గడ్డం."

పక్కకి తిప్పింది.

"అది చెవి. అక్కా, ఇప్పుడు కనిపించేది మీ ఇంటి పైకప్పు. పైకప్పుకి బొట్టు పెట్టనా? బావగారూ, మా అక్కకి ఏమైంది?"

"నాకు పడవల సంగతులే తెలుసమ్మా," అని జోగారావు వంటింట్లోకి తప్పుకున్నాడు.

వైదేహి వేలు వెంటపడుతూనే ఉంది. ఫోన్ అద్దమంతా ఎర్రబారింది. చివరికి హైమావతి కదలకుండా కూర్చుని, నుదురు ఎదురుగా పెట్టింది.

"పెట్టవే. నీ చేత్తో పెట్టించుకుంటాను. కానీ ఈసారి రాలేను."

ఆ మాట అనడానికి పట్టిన సమయంలో బొబ్బిలి నుంచి నడిచి వచ్చేయొచ్చు.

"ఊళ్లోవాళ్ల గృహప్రవేశాలకి వచ్చావు. మా ఎదురింటివాళ్ల ఆవు ఈనితే వచ్చావు. కుందన పెళ్లికి రావా?"

"ఆవు కోసం రాలేదే, ఆ రోజు వాళ్ల పక్కింట్లో నామకరణం," అంది హైమావతి. "తప్పు నీది కాదే, నాది. కనపడ్డవాళ్లందరికీ సరే సరే అని పంచిపెట్టాను. తీరా నా పిల్ల పెళ్లికి నా దగ్గర ఒక్క సరే కూడా మిగల్లేదు. ఇప్పుడు వస్తే మళ్లీ ఆయన దగ్గరికి రానివ్వరు."

వైదేహి ఫోన్ పెట్టేసింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

పెళ్లిరోజు ముహూర్తం వేళకి హైమావతి కొట్లో మిషన్ ముందు కూర్చుంది. కళ్లు కనపడక పోస్ట్‌మ్యాన్ ప్యాంటు రెండు కాళ్లూ కలిపి కుట్టేసింది. పాపం, ఆయన వారం రోజులు గెంతుతూ ఉత్తరాలు పంచాడు. మంచి మనిషి కాబట్టి ఎవరికీ ఎందుకని చెప్పలేదు.

అలా ఏడాది నిండింది. శాశ్వతంగా ఉండమని కాగితం వచ్చింది. జోగారావు దాన్ని నాలుగుసార్లు పైకి చదివి, అయిదోసారి పాడాడు. హైమావతి సంతోషించింది. కానీ సంతోషించి, ఫోన్ వైపు చూసింది.

మూడు వారాల తర్వాత, మంచు దట్టంగా కురుస్తున్న ఉదయం, ఎవరో తలుపు తట్టారు. తీస్తే గుమ్మంలో మూడు దుప్పట్ల మూటలు నిలబడి ఉన్నాయి. మొదటి మూటలోంచి కుందన, రెండో మూటలోంచి ఆమె మొగుడు బయటపడ్డారు. మూడో మూట ముఖం పక్కకి తిప్పుకుని ఉంది.

"నేను నీతో మాట్లాడను," అంది వైదేహి. "ఇల్లు చూడటానికి వచ్చాను. వంటిల్లు ఎటు?"

"కోపం తగ్గలేదే నీకు?" అంది హైమావతి, ఏడుస్తూ నవ్వుతూ.

"తగ్గలేదు. నెలరోజులు ఉంటాను, తగ్గుతుందేమో చూద్దాం. బావగారేరీ? ఎలా చిక్కిపోయారో ఏమో!"

కుందన వచ్చి పెద్దమ్మ మెడ చుట్టూ చేతులు వేసింది.

"పెద్దమ్మా, నీ ఇల్లు చూడాలని నాకు చిన్నప్పటి నుంచీ ఆశ. ఎప్పుడు బయల్దేరదామన్నా నువ్వే మా గుమ్మంలో ఉండేదానివి. ఇంట్లో లేనివాళ్లింటికి ఎలా వస్తాం చెప్పు?"

హైమావతి ఆ పిల్లని లోపలికి తీసుకెళ్లి, పొయ్యి పక్కన కూర్చోబెట్టి, చల్లబడ్డ చేతులు తన చేతుల్లోకి తీసుకుంది.

కాబట్టి పిల్లలూ, పిలిచిన ప్రతివారికీ సరే అనేవాళ్లు చివరికి సొంతవాళ్లకే కాదనాల్సి వస్తుంది. ఏ చోటైనా మనం అక్కడ ఉంటేనే మనదవుతుంది, మనల్ని ప్రేమించేవాళ్లు అక్కడికే వెతుక్కుంటూ వస్తారు.