గుమ్మం ముందు దుమ్ము

మా అమ్మమ్మకు వాళ్ళ అమ్మమ్మ చెప్పిన మాట ఇది. ఊకొట్టేవాళ్ళుంటేనే చెబుతాను. కునికేవాళ్ళు గోడకు జారబడండి.

వాగు ఒడ్డున ఒక ఊరు. ఊళ్ళో ఒక చర్చి. చర్చి పక్కన ఒక హైస్కూలు. ఆ హైస్కూల్లో దయామణి అని ఒక తెలుగు పంతులమ్మ. ఆమెకున్నవి రెండు చీరలు, ఒక గొడుగు, ఎవరికీ లొంగని నోరు.

ఆ రోజుల్లో పిల్లలకు వ్యాసమంటే ఆవు వ్యాసమే. ఇంట్లో కోడిపెట్టయినా లేని పిల్ల కూడా "మా ఇంటి ఆవు పాలిచ్చును" అని బట్టీపట్టి రాసేది. దయామణి ఆ పుస్తకాలన్నీ వెనక్కిచ్చేసింది. అబద్ధ సాక్ష్యం పాపమని ఆదివారం చదివి, సోమవారం లేని ఆవుకు సాక్ష్యం చెబుతారా అని అడిగింది.

"చూసింది రాయండి. పడ్డ పాట్లు రాయండి. చూడనిదీ పడనిదీ రాయకండి" అంది.

పద్యం చెప్పినా అంతే. ఇందులో ఏడ్చేదెవరు, ప్రభువు ఇక్కడికొస్తే ఎవరి పక్కన కూర్చుంటాడు అని అడిగేది. పిల్లలు ముందు బిక్కమొహం వేశారు. తర్వాత తర్వాత వాళ్ళకే నోరొచ్చింది.

ఆ బడికి మేనేజరు జెకర్యాగారు. చర్చికి పెద్ద కూడా ఆయనే. బళ్ళో బావి తవ్వించి, దాని ఒరకు తన పేరు చెక్కించుకున్నాడు. కోతల పండుగనాడు "మా బడి బావి" అనే వ్యాసం సంఘం ముందు చదివించాలని ఆయనకు ముచ్చట పుట్టింది. మంచి వ్యాసం ఏరే పని పంతులమ్మకిచ్చాడు. ఆమె పదో తరగతి లేయమ్మ రాసింది ఏరింది. లేయమ్మది కింది గూడెం.

అది చదివి జెకర్యాగారికి ఒళ్ళు మండింది. వేరేది ఏరమని కబురు పెట్టాడు. ఆమె ఏరనంది. సుద్దముక్కలు ఆపేశాడు. ఆమె పిల్లలను బయట నేల మీద కూర్చోబెట్టి, వేలితో దుమ్ములో రాయించింది. ప్రభువు వేలితో రాసింది కూడా నేల మీదేగా, మనకేం తక్కువ అంది.

రెండోసారి కబురు పెట్టాడు. ఆమె ఏరనంది. కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆమె దుమ్ములోనే రాయించింది.

మూడోసారి తనే వచ్చాడు. ఆమె ఏరనంది. లేయమ్మ కాగితం లాక్కుని, పిల్లలందరూ చూస్తుండగా ముక్కలు ముక్కలుగా చించాడు. రేపటినుంచి బడికి రావద్దని పంతులమ్మతో చెప్పి వెళ్ళిపోయాడు.

కోతల పండుగ వచ్చింది. పై వీధివాళ్ళు వరి వెన్నులు, గుమ్మడికాయలు మోసుకొచ్చారు. చర్చి నిండిపోయింది. లేయమ్మ మాత్రం లోపలికి పోలేదు. బయట మెట్టు మీద ఏడుస్తూ కూర్చుంది. దయామణి వచ్చి పక్కన కూర్చుంది.

"అయ్యగారు చించేశారు టీచరమ్మా."

"కాగితం చించాడు. నేలను చించుతాడేమో చూద్దాం. నువ్వు చెప్పు, నేను రాస్తా. వేలు నాది, తప్పు కూడా నా మీదే ఉండనీ."

లోపల పాటలు పాడుతున్నంతసేపూ ఆమె రాసింది. గుమ్మం ఈ చివరనుంచి ఆ చివరదాకా, మెట్ల కిందనుంచి గేటుదాకా రాసింది. వేలు చిట్లింది. అయినా ఆపలేదు.

ఆరాధన అయింది. జెకర్యాగారు ముందు నడిచి గుమ్మంలో ఆగిపోయాడు. వెనకాల జనమూ ఆగిపోయారు. మనవాళ్ళకు అక్షరాన్ని కాలితో తొక్కడం చేతకాదు కదా. కాలికి కాగితం తగిలితేనే తీసి కళ్ళకద్దుకుంటాం. మతం మారినా ఆ అలవాటు మారలేదు.

జెకర్యాగారి తల్లి వెనకనుంచి కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆమెకు చదువు రాదు.

"ఏందిరా అబ్బాయ్, దారికడ్డంగా నిలబడ్డావు?"

"ఏవో పిచ్చిగీతలమ్మా."

"గీతలైతే తొక్కుకుంటా పో."

ఆయన కాలెత్తాడు. దించలేకపోయాడు.

"అక్షరాలైతే చదువు" అంది తల్లి.

తల్లి మాట, వెనకాల ఊరంతా. చదవక తప్పలేదు. ఆయన నోటితోనే చదివాడు.

"మా బడి బావి నీళ్ళు తియ్యగా ఉంటాయి. చేంతాడు ఎలా ఉంటుందో నాకు తెలియదు. గూడెం పిల్లలం దాన్ని ముట్టుకోకూడదు. పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగుతాం. ప్రార్థనలో నా పక్కన కూర్చునే పిల్లే నాకు నీళ్ళు పోస్తుంది. నీళ్ళు చల్లగా ఉంటాయి. మెడంతా తడిసిపోతుంది."

ముసలమ్మ నిజమేనా అని అడిగింది. ఆయన కండువా సర్దుకున్నాడు. మళ్ళీ అడిగింది. చెప్పులు వెతుక్కున్నాడు. మూడోసారి అడగలేదు.

"నాకు దాహమేస్తంది. ఆ పిల్లనే నీళ్ళు తోడుకురమ్మను" అంది.

లేయమ్మ బావి దగ్గరికి పోయింది. మొదటిసారి చేంతాడు పట్టింది. చేద నిండుగా తెచ్చింది. ముసలమ్మ గటగటా తాగింది. తాడు ఎట్టుందే అని అడిగింది.

"గరుకుగా ఉందవ్వా" అంది లేయమ్మ.

జెకర్యాగారు మారిపోయాడనుకుంటున్నారేమో, ఏం మారలేదు. పంతులమ్మకు ఉద్యోగం తిరిగి ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు. గూడెంలో దుమ్ము నేల మీదే పిల్లలకు చదువు చెప్పి, అక్కడే కన్నుమూసింది. సమాధి మీద పేరు చెక్కించడానికి సంఘం పెద్దమనుషులు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే పోయారు. గూడెంవాళ్ళు ఆ మట్టి మీద వేలితోనే ఆమె పేరు రాస్తారు. గాలికి పోతే మళ్ళీ రాస్తారు.

బావి తాడు మాత్రం ఆనాటినుంచి అందరిదీ అయింది. ఇప్పటికీ కోతల పండుగనాడు ఆ చర్చి ముందు ఎవరూ ఊడ్వరు. పదో తరగతి పిల్లలొచ్చి తాము చూసిందీ పడ్డ పాట్లూ గుమ్మానికడ్డంగా దుమ్ములో రాస్తారు. సంఘపెద్ద దాన్ని పైకి చదవాలి. చదివేదాకా ఒక్కరూ గడప దాటరు. ఏ పెద్దమనిషైనా నిజం దాచబోతే ఆ ఊరి ఆడవాళ్ళు ఒకటే అంటారు: "దాచుకో అయ్యా, గుమ్మం ముందు దుమ్ము ఇంకా ఉంది."