ఎడమకు పోయే బాణాలు

ఫల్గుణరావు బాణాలన్నీ ఎడమకే పోతున్నాయి.

ఒకటో రెండో పోతే గాలి అనుకోవచ్చు. అన్నీ పోతున్నాయి, అదీ ఒకే తీరుగా, ఆ పక్కనుంచి ఎవరో పిలిచినట్టు. గడ్డిమోపు మీద సున్నంతో గీసిన గుండ్రం ఎదురుగానే ఉంటుంది. ఆయన బాణాలు మాత్రం దానికి మూరెడు ఎడంగా వెళ్లి వెనకున్న మట్టిగోడలో దిగబడతాయి. ఆ మేరన గోడ జల్లెడలా తయారైంది.

పెన్న ఒడ్డున గుట్టమీద దాదాపీర్ స్వామి ఆశ్రమం ఉంది. తకియా అంటారు దాన్ని. అక్కడ జపం ఎంత సాధనో విలువిద్యా అంత సాధన. పొద్దుటి నమాజు అయ్యాక పీర్ స్వామి వెదురు విల్లు పట్టుకుని వాకిట్లోకి వస్తాడు. వచ్చే శిష్యుల్లో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. అందరూ ఆయన్ని స్వామీ అనే పిలుస్తారు.

ఫల్గుణరావు మండల సర్వేయరు. ఆయన గట్టుమీద గొలుసు పరిచి ఇది నీది, అది వాడిది అన్నాడంటే ఇద్దరు రైతులూ నోరు మూసుకుని ఇంటికి పోవాల్సిందే. తండ్రి ఏరికోరి అర్జునుడి పేరు పెట్టాడు కాబట్టి ఎప్పటికైనా విల్లు పట్టి తీరాలని చిన్నప్పటినుంచీ ఆయనకు పట్టుదల. పట్టాడు. వచ్చిన చిక్కల్లా బాణాలతోనే.

ఆ చిక్కుకు తోడు దర్గాలో ఉరుసు దగ్గరపడింది. గంధం రోజున శిష్యులందరూ తలా ఒక బాణం వేస్తారు. ఎవరి బాణం గుండ్రం నడిమికి దగ్గరగా దిగితే వాళ్లు గంధం గిన్నె తలమీద పెట్టుకుని దర్గాకు తీసుకెళ్తారు. ఈసారి ఆ గిన్నె తనదేనని ఫల్గుణరావు ఆఫీసులో చెప్పాడు, వీధిలో చెప్పాడు, అనంతపురంలో ఉన్న మామగారికి ఫోన్ చేసి మరీ చెప్పాడు. మామగారు రిటైరైన తహశీల్దారు. అల్లుడు ఏం చెప్పినా "చూద్దాం" అని ఊరుకునే మనిషి. ఈసారి నిజంగానే చూడ్డానికి వస్తున్నారు.

ఫల్గుణరావు ధీమాకు కారణం ఆయన ఫోన్లో ఉంది. దాని పేరు స్పైన్ కాలిక్యులేటర్. మనిషికున్నట్టే బాణానికీ ఒక వెన్ను ఉంటుంది. నారి వదిలిన క్షణంలో బాణం చేపలా మెలిక తిరిగి, వింటికర్రను తప్పించుకుని, మళ్లీ తిన్నగా సాగిపోతుంది. వెన్ను మరీ మెత్తనైతే ఒక పక్కకు పోతుంది, మరీ బిరుసైతే ఇంకో పక్కకు. నారిని ఎంత ఎక్కువ లాగితే అంత బిరుసు బాణం కావాలి. ఏ వింటికి ఎంత బిరుసు బాణం జతపడుతుందో ఆ కాలిక్యులేటర్ లెక్కకట్టి చెబుతుంది. అది చెప్పిన బాణాలే ఆయన హైదరాబాదు వెళ్లి తెచ్చుకున్నాడు. నల్లగా, నిగనిగలాడుతూ, ఎర్ర ఈకలతో పెళ్లికొడుకుల్లా ఉన్నాయి.

అవి ఎడమకు పోయాయి.

ములుకులు బరువయ్యాయేమోనని మార్చాడు. నారి పాతదేమోనని కొత్తది పేనించాడు. ఒకనాడు సర్వే గొలుసు తెచ్చి వాకిలంతా కొలిచి, గడ్డిమోపు ఉన్న గుంజ రెండంగుళాలు పక్కకు వాలిందని తేల్చి, పీర్ స్వామి అనుమతి తీసుకుని దాన్ని పీకి సరిగ్గా పాతించాడు. మర్నాటినుంచి మిగతావాళ్ల బాణాలు ఇంకొంచెం బాగా తగిలాయి. ఆయనవి ఎడమకే పోయాయి.

అన్నిటికంటే ఆయనకు మింగుడుపడనిది ఖైరున్నీసా టీచరు సంగతి. హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. పొట్టి మనిషి. ఆమె కూడా అదే కాలిక్యులేటర్ చూసి బాణాలు తెప్పించుకుంది. ఆమెవి తిన్నగా పోతున్నాయి. కొంచెం కుడికి గురిపెట్టి చూడకూడదా అని ఆమె ఒకసారి మంచిగానే అడిగింది. తప్పును తప్పుతో కప్పే అలవాటు తనకు లేదని ఫల్గుణరావు జవాబిచ్చాడు.

చివరికి గంధం ఇంకో వారం ఉందనగా ఫోన్ పట్టుకుని పీర్ స్వామి దగ్గరకు వెళ్లాడు. ఆయన అరుగుమీద కూర్చుని సానరాయి మీద గంధపుచెక్క అరగదీస్తున్నాడు. ఫల్గుణరావు తన గోడంతా వెళ్లబోసుకుని, తప్పు కాలిక్యులేటర్‌దా, వింటిదా, ఏదో ఒకటి తేల్చిచెప్పమన్నాడు.

"అది ఏమేమి అడుగుతాదో చదువు," అన్నాడు పీర్ స్వామి.

ఫల్గుణరావు చదివాడు. విల్లు లాగడానికి ఎంత బలం కావాలి, నారి దేనితో పేనారు, ములుకు బరువెంత, బాణం పొడవెంత, నారిని ఎంతదాకా లాగుతావు.

పీర్ స్వామి చెక్క పక్కనపెట్టి శ్రద్ధగా విన్నాడు. "బాగా అడుగుతాదే. శిష్యుల్ని నేను కూడా ఇంత వివరంగా అడగను," అన్నాడు.

ఫల్గుణరావుకు హుషారొచ్చింది. ఒక్కో ప్రశ్నకు తానేం జవాబిచ్చాడో, దాన్ని ఎలా నిర్ధారించాడో చెప్పుకొచ్చాడు. వింటిని కాటాకు వేలాడదీసి తూచాడట. ములుకుల్ని బంగారం కొట్లో తూయించాడట. లాగుడు మాత్రం ముప్ఫై అంగుళాలని ఒక్కమాటలో చెప్పి ముందుకు వెళ్లిపోయాడు.

పీర్ స్వామి ఆయన వింటిని అడిగి తీసుకున్నాడు. వేలితో ఇంత తడిగంధం తీసి, పిడి దగ్గర బాణం ఆనే చోట పూశాడు. వింటిని తిరిగి చేతికిచ్చి బాణం తొడగమన్నాడు.

"వదలొద్దు. ఊరికే లాగి దించు."

ఫల్గుణరావు తొడిగాడు. గురువు చూస్తున్నాడు కదా. రొమ్ము విరిచి, మెడ నిక్కించి, మునివేళ్లమీద లేచి, చెవి దాటించి లాగబోయాడు. కళ్లు బయటికొచ్చాయి, బాణం పిడిమీద గడగడలాడింది. ఏదో కింద పారేసుకున్నవాడిలా పీర్ స్వామి నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

"దించప్పా. రోజూ ఎట్ల లాగుతావో అట్ల లాగు చాలు," అన్నాడు కాసేపటికి. గంధం తుడిచి మళ్లీ పూశాడు. బాణం కూడా తుడిచి ఇచ్చాడు.

ఈసారి ఫల్గుణరావు మామూలుగా లాగి దించాడు. పీర్ స్వామి బాణాన్ని అందుకుని, చూడకుండానే అడ్డంగా శిష్యుడి రెండు చేతుల్లో పెట్టాడు.

పిడిమీదుగా జారినంతమేరా గంధం అంటుకుంది. ఆ తర్వాత ములుకుదాకా బెత్తెడుకు కాస్త ఎక్కువగా నల్లటి బాణం శుభ్రంగా నిగనిగలాడుతోంది. టేపు అక్కర్లేకపోయింది. ఫల్గుణరావు కన్ను ఎన్నో పొలాలు కొలిచిన కన్ను. లాగుడు ఇరవయ్యారు అంగుళాలు.

"అది అడిగింది నిన్ను," అన్నాడు పీర్ స్వామి. "నువ్వెవరి గురించి చెప్పినావప్పా?"

ఫల్గుణరావుకు హైదరాబాదు షాపు గుర్తొచ్చింది. అక్కడి కుర్రాడు ఆయన చేతులు చాపించి, టేపు పెట్టి, ఇరవయ్యారు సార్ అన్నాడు. ఆ కొలతలో ఎక్కువగా ఆడవాళ్లూ స్కూలు పిల్లలూ తీసుకుంటారనీ, గులాబీ రంగువి కూడా ఉన్నాయనీ మర్యాదగానే చెప్పాడు. టేపు సాగిపోయిందని ఫల్గుణరావు వాడిమీద కేకలేశాడు. మరి ఎంత రాసుకోమంటారని వాడు అడిగితే నోటికి ముప్ఫై వచ్చింది. చెప్పుకోవడానికి బాగుందనిపించింది. ఇంటికొచ్చేసరికి అదే నిజమైపోయింది.

అరుగు చివర కూర్చుని ఫోన్ తెరిచాడు. ముప్ఫై చెరిపాడు. ఇరవై ఎనిమిది కొట్టాడు. వెనక గంధపుచెక్క సానమీద అరుగుతున్న చప్పుడు వినబడుతోంది. ఇరవై ఎనిమిది చెరిపాడు. ఇరవై ఏడు కొట్టి కాసేపు దానికేసి చూశాడు. దాన్నీ చెరిపి ఇరవయ్యారు కొట్టాడు.

కాలిక్యులేటర్ చెప్పిన బాణం అచ్చం ఖైరున్నీసా టీచరు వాడేదే.

కొత్తవి తెప్పించే వ్యవధి లేదు. ఆమె దగ్గరకు వెళ్లి, నేలచూపులు చూస్తూ, నాలుగు బాణాలు బదులడిగాడు. ఆమె ఎందుకని అడగలేదు. ఈకలు తడపొద్దని మాత్రం చెప్పి ఇచ్చింది. గులాబీ రంగు ఈకలు.

మొదటి బాణం వదిలి, అలవాటుకొద్దీ ఎడమపక్క గోడకేసి చూశాడు. అక్కడ లేదు. గోడ అడుగున వెతికాడు. ఎదురుగా ఉన్న గడ్డిమోపును ఆయన చూసింది అందరికంటే ఆఖరున.

గంధం రోజున గుట్టమీద జనం కిటకిటలాడారు. మామగారు గొడుగు వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. ఫల్గుణరావు బాణం గుండ్రం అంచున దిగింది. ఖైరున్నీసా టీచరుది నడిమిన దిగింది. గిన్నె ఆమె తలకెత్తారు. ఫకీర్లు డప్పులు అందుకున్నారు.

ఊరేగింపు కదలబోతుండగా, ఎవరో చెవిన వేస్తే, మామగారు అల్లుణ్ని దగ్గరకు పిలిచి, ఆ గులాబీ ఈకలేమిటి, ఒక ఆడమనిషి దగ్గర బాణాలు ఎరువు తెచ్చుకోవడమేమిటని అడిగారు. చుట్టూ ఆఫీసువాళ్లున్నారు, వీధివాళ్లున్నారు. ఫల్గుణరావు రెండు చేతులూ చాపాడు.

"మా ఇద్దరి చేతులూ ఒకే కొలత, మామయ్యా. ఇరవయ్యారు."

ఎవరూ నవ్వలేదు. మామగారు గొడుగు ముడిచి అల్లుణ్ని కొత్తగా చూశారు. తర్వాత ఆయన చూపు తకియా అరుగుమీద మూలకు ఆనించి ఉన్న నల్లటి బాణాల కట్టమీద పడింది. ఇంత ఖరీదైన సరుకు ఇక్కడ ఎవరిదని అడిగారు.

ఫల్గుణరావు నోరు తెరిచేలోగా, ఆ దారినే వెళ్తున్న పీర్ స్వామి ఆగి జవాబిచ్చాడు.

"ఎవరో పొడుగాయనవి, సార్. చానా మంచి బాణాలు. ఆయనే ఇంకా రాలేదు."