తోక మీద మీసం

ఒక గాజుతొట్టెలో మూరెడు సముద్రం ఉండేది. నాలుగు రాళ్ళు, రాళ్ళ మీద రంగురంగుల పగడాలు, అడుగున ఇసుక, ఇసుకలో ఒక బొరియ. ఆ బొరియలో ఒక రొయ్య, ఒక చేప కలిసి ఉండేవి.

రొయ్యకు చూపు ఆనదు. పొద్దస్తమానం ఇసుక తోడి బయట పోయడం దాని పని. చేపకు ఇల్లు కట్టుకోవడం చేతకాదు. వాకిట్లో కాపలా కాయడం, దొరికిన మేత నోట కరుచుకొచ్చి రొయ్య ముందు పెట్టడం దాని పని. రొయ్య ఎప్పుడు బయటికొచ్చినా పొడవాటి మీసం ఒకటి చేప తోక మీద ఆనించి ఉంచేది. తోక అదిరితే లోపలికి పరుగు. అదరకపోతే లోకమంతా క్షేమమే.

తొట్టె వంటింటి గట్టు మీద ఉండేది. ఇల్లాలు కూర తరుగుతూ వాటిని చూసేది. వాళ్ళదీ రెండు గదుల ఇల్లే. ఆమె పొయ్యి దగ్గర ఇటు తిరిగితే భర్త మోచెయ్యి తగిలేది. "కాస్త తప్పుకోండి, చారు ఒలుకుతుంది" అని విసుక్కునేది. తప్పుకోవడానికి ఆయనకు చోటుంటే కదా!

కాలం కలిసొచ్చి ఆయన మేడ కట్టాడు. పగడాలు పెరిగి గాజుకు ఒరుసుకుంటున్నాయని ఆరడుగుల తొట్టె చేయించాడు. మహా జాగ్రత్త మనిషి. కొత్త తొట్టెలో ఉప్పునీళ్ళు వారాల తరబడి ఊరనిచ్చాడు. పాత నీళ్ళు బకెట్లలో మోసుకొచ్చాడు. రాళ్ళు తడి ఆరకుండా తెచ్చాడు. ఒక్క కొమ్మ విరగలేదు. ఆఖరున రొయ్యను ఎడమ చివర, చేపను కుడి చివర వదిలాడు.

"అదేంటండీ, దాన్నటూ దీన్నిటూ వేశారు?" అంది ఆమె.

"ఇన్నాళ్ళూ ఒక్క కన్నంలో ఇరుక్కుని బతికాయి పాపం. ఇక చెరో చోటు ఏలుకోనీ. నీళ్ళు కుదురుకునేదాకా, నెల్లాళ్ళు, ఎవరూ లోపల చెయ్యి పెట్టకూడదు."

అదే ప్రేమతో మేడమీద గది తను తీసుకుని, కింద పెద్ద గది ఆమెకిచ్చాడు. "నా దగ్గూ గురకా భరించింది చాలు, హాయిగా పడుకో" అన్నాడు.

ఆమెకు హాయిగా నిద్ర పట్టలేదు. ఇంట్లో ఎటు తిరిగినా ఏ మోచెయ్యీ తగల్లేదు. చారు ఒలకలేదు. ఆ ఇరుకు కోసం బెంగ పట్టుకుంది. చెబితే నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు.

తొట్టెలోనూ అదే వరస. రొయ్య కొత్తగా తవ్వుకున్న బొరియ అంచుదాకా వచ్చి మీసం చాపేది. నీళ్ళు తప్ప ఏమీ తగిలేది కాదు. ఇసుకలో దొరికిన నలుసులే దాని తిండి. వారం తిరిగేసరికి ఒంటి ఎరుపు వెలిసిపోయింది. చేప ఆ చివర రాతి కింద నక్కి అంతా చూసేది. ఆపదొస్తే దూరడానికి కన్నం లేదు, ఆరడుగుల ఇసుక దాటే గుండె దానికి లేదు. ఇలాగే ఉంటే రొయ్య దక్కదని ఆమెకు అర్థమైంది.

ఒక మధ్యాహ్నం తొట్టెలో టప్పుమని చప్పుడైంది. రొయ్యకు పీతకున్నట్టు ఒక పెద్ద డెక్క ఉంది. దాన్ని విదిలించి కొట్టింది. ఆగి, మళ్ళీ కొట్టింది. పిలుస్తోందని ఆమెకు అనిపించింది. జవాబు రాకపోయేసరికి అది ఇసుక కింద తవ్వడం మొదలుపెట్టింది. సొరంగం గాజులోంచి కనిపిస్తూనే ఉంది. రెండు రోజుల్లో జానెడు సాగింది, అదీ చేప లేని వైపుకు.

ఆమె కుర్చీ లాక్కుని కుడి చివర, చేప దగ్గర కూర్చుంది. నీళ్ళలో చెయ్యి పెట్టొద్దన్నాడు గానీ గాజు ముట్టుకోవద్దనలేదు కదా. వేలి ఉంగరంతో మెల్లగా తట్టింది. టప్. టప్.

తవ్వకం ఆగింది. కాసేపటికి ఇటు తిరిగింది.

అప్పటినుంచి రోజూ వంట కాగానే ఆమె అక్కడే. "రావే తల్లీ, ఇటు. ఇంకాస్త" అంటూ తట్టేది. ఒక చెయ్యి నొప్పెడితే ఉంగరం రెండో చేతికి మార్చుకునేది. పైనుంచి భర్త "ఏంటా చప్పుడు?" అని కేకేస్తే "ఏం లేదండీ" అనేది. ఆయన పైనే ఉండిపోయేవాడు.

నెల నిండకముందే ఒకనాడు చేప వెనక ఇసుక కుంగింది. కన్నంలోంచి సన్నటి మీసం బయటికొచ్చి, వణుకుతూ అటూ ఇటూ వెతికింది. చేప వెనక్కి తిరిగి చూడలేదు. తోకను మాత్రం ఒక్క పిసరు వెనక్కి జరిపింది. మీసం దాని మీద ఆనింది. వణుకు ఆగింది.

భోజనానికి దిగొచ్చిన భర్త తొట్టె దగ్గర నిలబడిపోయాడు.

"ఇంత తొట్టె చేయిస్తే మళ్ళీ ఒక్క కన్నంలోకే దూరాయా?"

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "చోటు చాలట్లేదని అవి మీతో ఎప్పుడైనా అన్నాయా?"

ఆయన తిని పైకి వెళ్ళిపోయాడు.

మర్నాడు వంట కాగానే ఆమె అలవాటుగా తొట్టె వైపు నడిచింది. ఇక అక్కడ పనిలేదని గుర్తొచ్చింది. మేడమెట్ల దగ్గరికి వెళ్ళి, మొదటి మెట్టు మీద వాకిలి వైపు మొహం పెట్టి కూర్చుంది. పక్కనున్న చెక్క కమ్మీ మీద ఉంగరంతో తట్టింది. టప్. టప్.

పైన అలికిడి లేదు. మళ్ళీ తట్టింది.

చాలాసేపటికి తలుపు కిర్రుమంది. ఒక మెట్టు మీద అడుగు పడింది. ఆగి, ఇంకో మెట్టు మీద.

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. భుజాన్ని మాత్రం ఒక్క పిసరు వెనక్కి జరిపింది.