గాలి కూడా నాదే అన్న కామందు

అనగనగా, కొండలకు ఇంకా కంచెలు తెలియని రోజుల్లో, చంద్రకేతుడనే రాజు ఉండేవాడు. ఆయన రాజ్యంలో నెమలిగట్టు అనే అడవికొండ ఉంది. ఆ కొండ ప్రజలందరిదీ అని రాజు చాటింపు వేయించాడు. పుష్యమాసం వస్తే గూడేనికొక కణుజును వేటాడుకోవచ్చు. కణుజంటే పెద్ద కొమ్ముల దుప్పి. ఒక్కటి దొరికితే చాలు, ఆ మాంసం ఎండబెట్టుకుని గూడెమంతా ఎండాకాలం గట్టెక్కేది.

ఆ కొండ కింది ఒక గూడెంలో ఈదమ్మ అనే వేటగత్తె ఉండేది. వేటకు చాలా ముందే కొండెక్కి జాడలు చూసుకునేది. కణుజులు ఏ చెట్టుకు కొమ్ములు రాసుకున్నాయో, ఏ బురదలో పొర్లాయో, గాలి ఎటు వీస్తే ఎక్కడ మాటు వేయాలో ఆమెకు కొట్టినపిండి. ఆ ఏడు కణుజుల మంద కిందికి దిగివచ్చి గూడెం జొన్నచేలన్నీ మేసేసింది. ఇళ్ళలో గింజ లేదు. ఇక వేటే దిక్కు.

తీరా పుష్యమాసం వచ్చేసరికి కొండబాటకు అడ్డంగా ముళ్ళకంచె ఉంది! శరభయ్య అనే కామందు కొండ చుట్టూ ఉన్న పొలాలన్నీ కొనేశాడు. కొండను కొనడానికి వీల్లేదు కనుక దారి మూసేశాడు. ఇక లోపల వేటాడేది ఆయనా, ఆయన చుట్టాలూ!

"దొరా, కొండ అందరిదీ కదా!" అంది ఈదమ్మ.

"కాదన్నదెవరే? వెళ్ళు. నా నేల మాత్రం తొక్కకు" అన్నాడు శరభయ్య.

మర్నాడు ఈదమ్మ కొండ నుంచి పారే వాగులో దిగి మొలలోతు నీళ్ళలో నడిచింది. శరభయ్య కాపలావాళ్ళు పట్టుకున్నారు.

"నా పొలంలో పారే నీళ్ళు నావే!" అని గద్దించాడు శరభయ్య.

మూడోసారి ఈదమ్మ ఒక హద్దురాయి దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఒక బీడు మూలా, కొండ మూలా కలుస్తాయి. ఆ రెండూ రాజు భూములే, అటూ ఇటూ మాత్రం శరభయ్య పొలాలు. శరభయ్య మట్టి కాలికి అంటకుండా ఈ మూల నుంచి ఆ మూలకు ఒక్క దూకు దూకింది. అయినా పట్టుకున్నారు.

"నా పొలం మీది గాలిలో నీ భుజం దూరింది. ఆ గాలి నాది!" అంటూ శరభయ్య ఆమె విల్లు విరిచేశాడు.

గాలి కూడా తనదేనట! చూశారా పిల్లలూ, ఎంత పొగరో! వింటున్న మనకే ఒళ్ళు మండుతోందే, ఆకలితో ఉన్న ఈదమ్మకు ఇంకెంత మండాలి? ఆమె విరిగిన విల్లు పట్టుకుని గూడెం జనంతో నేరుగా రాజసభకు వెళ్ళింది. రాజు శరభయ్యను పిలిపించాడు.

"ప్రభూ, ఈ దొరను నాలుగు మాటలు అడుగుతాను" అంది ఈదమ్మ. "దొరా, కణుజులు కొండ దిగి నడిచే నేల ఎవరిది?"

"నాది."

"అవి తాగే నీళ్ళు?"

"నావే."

"కంచె మీదుగా అవి దూకే గాలి?"

"అదీ నాదే!"

"మరి ఆ కణుజులు ఎవరివి?"

శరభయ్య మీసం దువ్వాడు. "నా నేల తొక్కి, నా నీళ్ళు తాగేవి నావి కాక ఇంకెవరివి?"

ఈదమ్మ గొంతు సభంతా మోగింది. "విన్నారా ప్రభూ! ఈయన పశువులు మా జొన్న మేసి మా పిల్లల్ని పస్తు పెట్టాయి. గూడెమంతటికీ ఏడాది తిండి ఈయనే పెట్టాలి!"

శరభయ్య ముఖం మాడిపోయింది. "అయ్యో, అవి నావి కావు మహారాజా! అడవి జంతువులు! వాటి దారిన అవి వస్తాయి, పోతాయి."

రాజుకు పట్టరాని కోపం వచ్చింది. "జంతువులకు లేని అడ్డు నా ప్రజలకు పెడతావా? పో, ఆ కంచె నీ చేతులతోనే పీకు. వేట ఆపి వీళ్ళను పస్తు పెట్టినందుకు నీ గాదె తెరువు!"

శరభయ్య ఒళ్ళంతా ముళ్ళు గీరుకుంటూ కంచె పీకాడు. ఈదమ్మ కొత్త విల్లు పట్టుకుని అదే బాటన, అందరూ చూస్తుండగా, తలెత్తుకుని కొండెక్కింది.

అందరి సొత్తుకు పోయే దారి మూసేవాడు ఆ సొత్తును దొంగిలించినవాడే.